తువ్వాలు పరిచిన కుర్చీ

"కాస్త లే. దుప్పటి తీయాలి."

ఆమె కళ్ళు తెరవకుండానే పక్కకు దొర్లింది. అతను పరుపు మూల ఎత్తి దుప్పటి అంచు లాగాడు. ఒక మూల వచ్చింది. మంచం అవతలికి వెళ్ళి రెండో మూల లాగాడు. ఆమె నడుం కింద ఇరుక్కున్నదాన్ని, ఆమెకు తెలియకుండా తీయాలన్నట్టు, మెల్లమెల్లగా లాక్కున్నాడు. కిటికీ తెర సందులోంచి ఇంకా ఎర్రగా కూడా మారని వెలుతురు వస్తోంది.

"ఏమండీ" అందామె. "ఇక్కడ దుప్పట్లు తీయడానికి వేరే మనుషులున్నారు. మనం ఇవాళ చుట్టాలం."

"ఊఁ" అన్నాడు. అప్పటికే దుప్పటి సగానికి మడిచేశాడు.

ఆమె ఒక కన్ను తెరిచింది. "విడిచిన దుప్పటిని ఎవరైనా మడుస్తారా?"

అప్పుడు ఆగాడు. నిజమే. విడిచిన దుప్పటిని ఉండచుట్టి బండిలో పడేస్తారు. ఇరవై ఆరేళ్ళలో విడిచిన దుప్పటి అతని చేతికి రాలేదు. అతని దగ్గరికి వచ్చేసరికి అది ఉతికి, పిండి, వేడి రోలర్ల మధ్య నలిగి, ఎండి, కాగితంలా వచ్చేది. చేతిలోకి దుప్పటి వస్తే మడవడం తప్ప మరొకటి చేయవచ్చని అతనికి తోచదు.

మడిచినదాన్ని ఏం చేయాలో తెలియక కుర్చీ మీద పెట్టాడు. తరవాత దిండు గలీబు తీశాడు. తీసి, అలవాటు కొద్దీ అరచేత్తో రాశాడు. చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ రాశాడు. కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి తెర తొలగించాడు.

ఎడమ అంచుకు జానెడు దూరంలో సన్నటి గీత ఉంది. వెంట్రుకంత. ఇంకెవరూ చూడలేరు. రెండో గలీబు తీశాడు. అక్కడే, జానెడు దూరంలోనే, అదే గీత.

"గీత పడింది" అన్నాడు.

ఆమె లేచి కూర్చుని ఊపిరి కోసం కాసేపు ఆగింది. ఈ మధ్య కూర్చోవడానికి కూడా అలా ఆగాల్సి వస్తోంది. తరవాత నవ్వింది.

"పెళ్ళిరోజు పొద్దున్నే మొగుడు పెళ్ళాం మొహం చూస్తాడంటారు. మీరు దిండు మొహం చూశారు."

*

అతన్ని లాండ్రీలో అందరూ మడతాయన అంటారు. యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. మోచేతుల నుంచి మణికట్ల దాకా రోలర్ల అంచు తగిలిన పాత మచ్చలు, నిచ్చెన మెట్లలా వరసగా ఉంటాయి. వేళ్ళ కొసలు నున్నగా ఉంటాయి. వేడి బట్ట రోజూ రాసి రాసి అతని వేలిముద్రలు పోయాయి. పనికి వచ్చినప్పుడు వేలు పెట్టే యంత్రం అతన్ని ఒప్పుకోదు. అతనొక్కడికీ సంతకం పుస్తకం ఉంది.

ఆ లాండ్రీ పడమటి తీరంలోని ఒక సముద్రపు విడిదిలో ఉంది. విడిది చాలా పెద్దది. వచ్చినవాళ్ళ చేతికి పసుపుపచ్చ పట్టీ వేస్తారు. అది ఉంటే ఏం తిన్నా, ఏం తాగినా, ఎక్కడ కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కత్తెరతో దాన్ని తెంపుతారు. పనివాళ్ళకు వేరే గేటు. వెనక రోడ్డు మీంచి, వంటింటి చెత్తడబ్బాల పక్కనుంచి రావాలి. లాండ్రీకి కిటికీలు లేవు. ఇరవై ఆరేళ్ళు సముద్రానికి రెండు వందల అడుగుల దూరంలో పని చేశాడుగాని, చప్పుడు వినడమే తప్ప ఇటువైపు నుంచి చూసింది లేదు.

పాతికేళ్ళు పని చేసినవాళ్ళకు, భార్యతోనో భర్తతోనో, రెండు రోజులు చుట్టంగా ఉండే అవకాశం ఇస్తారు. ఆ కాగితం అతనికి పోయిన ఏడాదే ఇచ్చారు. తీసుకువెళ్ళి బట్టల పెట్టె అడుగున పెట్టాడు. ఆమె అప్పుడప్పుడు అడిగేది. "ఊఁ, చూద్దాం" అనేవాడు.

పోయిన నెల డాక్టరు ఆమెను బరువు చూసుకోమని బయటకు పంపి, అతనితో నెమ్మదిగా మాట్లాడాడు. గుండె అలిసిపోయిందన్నాడు. ఆపరేషన్‌కు తట్టుకోదన్నాడు. మందులు వాడండి, ఒంటరిగా వదలకండి, ఎంతకాలం అని మాత్రం నన్ను అడగకండి అన్నాడు. అతను అడగలేదు. బయటకు వచ్చాక ఆమె ఏమన్నాడని అడిగితే, "గాలి మార్పు కావాలట" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "సముద్రం గాలి అయితే మంచిదేనా?" అంది.

ఇంటికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి కాగితం తీశాడు. ఆమె పెళ్ళిరోజు చూసి తేదీ వేయించింది. ముప్ఫై మూడో ఏడు. వేరే ఊళ్ళో ఉన్న కూతురు నల్ల కళ్ళద్దాలు పంపింది. ఆమె తన చేత్తో అతనికి పూల చొక్కా కుట్టింది. ఆమె బతుకంతా దర్జీల కోసం కాజాలు కుట్టడమే. ఇంటి గుమ్మంలో కూర్చుని రోజుకు వంద కాజాలు కుట్టేది. ఇన్నేళ్ళలో అతని చొక్కాకు తన చేతి కాజాలు వేయడం ఇదే మొదటిసారి. ఆరు కాజాలకు నాలుగు రోజులు పట్టింది.

"ఒక్కటే అడుగుతాను" అంది ఆ చొక్కా చేతికిస్తూ. "ఒక్కరోజు నా పక్కన కూర్చోండి. ఏమీ మడవకుండా."

"సరే" అన్నాడు.

*

తినే హాలులో అతను పళ్ళెం పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. అక్కడ వడ్డించేవాళ్ళు లేరు, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవడమే. బల్లల మీద ఎన్నో రకాలు. రొట్టె ముక్క, ఉడికిన గుడ్డు వేసుకుని వచ్చేశాడు. ఆమె మాత్రం పళ్ళెం నిండా తెచ్చింది. తినడానికి కాదు, చూడడానికి.

"ఇదంతా మనదేనట" అంది. "ఇన్నాళ్ళూ మనదని తెలీక వండుకుని చచ్చాను."

బల్లల మధ్య తిరిగే పనివాడు కాఫీ పోయడానికి వచ్చాడు. నిన్న మొన్నటిదాకా వెనక గేటు దగ్గర, "మామా, అగ్గిపెట్టె ఉందా?" అని అడిగినవాడు. ఇవాళ అతని మొహంలోకి చూడకుండా, "కాఫీ కావాలా సార్?" అన్నాడు. అతను తల ఊపాడు. వాడు వెళ్ళిపోయాక చేతి గుడ్డ నాలుగుగా మడిచి పళ్ళెం పక్కన పెట్టాడు. ఆమె గుడ్డ కూడా లాక్కుని మడిచాడు.

ఆమె చూసింది. తన చెంచాతో ఆ మడతను కొంచెం చెదరగొట్టింది.

అక్కణ్ణుంచి ఇసుక దాకా నూరడుగులుండవు. ఆమె మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఏదో చూస్తున్నట్టు నటించింది. ఒకసారి పూలమొక్కను, ఒకసారి గోడ మీద పిల్లిని. మూడోసారి చూడడానికి ఏమీ దొరకలేదు. ఊరికే అతని భుజం పట్టుకుని నిలబడింది. అతనూ పిల్లి కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు.

ఇసుక మీద ఆకుల గొడుగులు, ఒక్కో గొడుగు కింద రెండేసి పొడవు కుర్చీలు. వాటిని చూసుకునే మనిషి ఎండకు మాడి నల్లగా ఉన్నాడు. చేతికి రెండు నీలం తువ్వాళ్ళు ఇచ్చాడు.

"ఇక్కడ ఒకటే రూలమ్మా" అన్నాడు. "కుర్చీ మీద తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే. మనిషి లేచి ఎటుపోయినా సరే, ఇంకొకరు కూర్చోకూడదు. మేమూ ముట్టుకోం. గది ఖాళీ చేసేదాకా అది మీ కుర్చీయే."

"మంచి రూలే నాయనా" అందామె. "ఇంట్లో కూడా పెట్టుకోవాల్సింది."

ఆమె వెనక్కి వాలి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. అద్దానికి అంటించిన ధర చీటీ ఇంకా అలాగే ఉంది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు, బస్సు కోసం కూర్చున్నట్టు.

సముద్రం ఎదురుగా ఉంది. వస్తోంది, వెనక్కి పోతోంది. ఒక అల విరిగేచోట పొడవాటి తెల్లటి అంచు కనపడింది. అతను ఆ అంచును చూశాడు. కొసదాకా తిన్నగా లేదు.

"ఏం చూస్తున్నారు?"

"ఏమీ లేదు."

"వాలండి. మీరు దుప్పటి కాదు, నలగరు."

వాలాడు. చేతులు పొట్ట మీద పెట్టుకున్నాడు. తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ పొట్ట మీద పెట్టుకున్నాడు. ఆమె నవ్వి తన చెయ్యి చాపింది. "చేతులకు పని కావాలా? ఇదిగో, ఇది పట్టుకోండి."

పట్టుకున్నాడు. సూది పొడిచి పొడిచి ఆమె చూపుడు వేలు కొస గట్టిపడింది. అతని నున్నటి వేళ్ళకు అది రాయిలా తగిలింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, అంత ఎండలోనూ. అది తెలియగానే డాక్టరు గది గుర్తొచ్చింది. బల్ల మీద బొమ్మ గుండె, దాన్ని డాక్టరు మూత తీసినట్టు తెరిచి చూపించడం. చెయ్యి వదల్లేదు. కాని కళ్ళు మూసుకుని, రెండు దిండు గలీబుల మీద ఒకేచోట పడిన గీత గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. అది తేలిగ్గా ఉంది.

*

మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్ళీ అవే కుర్చీల్లోకి వచ్చారు. ఆమె సరిగా తినలేదు. పెదాలు కొంచెం నీలంగా ఉన్నాయి. సముద్రం వెలుతురేమో అనుకున్నాడు.

"రోలర్ మీద చుట్టిన గుడ్డ వదులైంది" అన్నాడు కాసేపటికి.

"ఎక్కడ?"

"లాండ్రీలో. అందుకే గీత. ఇవాళ చూసుకోకపోతే రేపటికి దుప్పట్లు చిరుగుతాయి."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదా?"

"తెలీదు."

అది నిజమే. అతను ఆ మాట అన్న తీరులో ఏదో ఉంది. ఆమె కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది. పొద్దుట్నుంచి అతను మొదటిసారి తిన్నగా కూర్చున్నాడు.

"వెళ్ళి చెప్పి రండి" అంది. "చెప్పి రండి. చేసి రావద్దు."

"ఐదు నిమిషాలు."

"మీ ఐదు నిమిషాలు నాకు తెలియవా? పెళ్ళైన నాడు, ఇస్త్రీ కొట్లో బొగ్గులు ఆర్పి వస్తానని వెళ్ళి, చుట్టాలంతా పోయాక వచ్చారు."

"అప్పుడు ఓనరు ఉంచేశాడు."

"ఇప్పుడెవరూ పిలవను కూడా లేదు కదా" అంది. కోపంగా అనలేదు. "పొద్దు నీళ్ళలోకి దిగేలోపు రండి. అది చూద్దామనే వచ్చాను. ఒక్కదాన్నే చూస్తే, ఇంటికి వెళ్ళాక ఎవరితో చెప్పుకోను?"

అతను లేచాడు. ఆమె అతని తువ్వాలు అందుకుని, ఒంగలేక ఒంగి, అతని కుర్చీ మీద పరిచింది.

"చొక్కా జాగ్రత్త" అంది వెనకనుంచి.

*

లాండ్రీ తలుపు తోయగానే ఆవిరి మొహానికి కొట్టింది. సబ్బు వాసన, కాలిన నూలు వాసన. అతని భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

"అదిగో, గెస్టు వచ్చాడు" అన్నారెవరో. "మామా, చేతికి పట్టీ కట్టారు, ఏ వార్డు?"

అందరూ నవ్వారు. అతనూ మూతి కొంచెం కదిల్చాడు. దుప్పటి రెండో కొస పట్టే ఆవిడ నవ్వలేదు. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరూ ఒకే దుప్పటికి చెరోవైపు నిలబడతారు. ఎదురెదురుగా నడిచి మూలలు కలుపుతారు, వెనక్కి వెళతారు, మళ్ళీ కలుపుతారు. ఆ లెక్కన ఆవిడకు ఎదురు నడిచినన్ని అడుగులు అతను పెళ్ళాంవైపు నడవలేదు.

"వదిన్ని ఒక్కదాన్నే వదిలేసి వచ్చావా అన్నా?"

"చెప్పి పోదామని. గీత పడుతోంది."

సూపర్‌వైజరు వచ్చి చూశాడు. ఎంత చూసినా అతనికి కనపడలేదు. "మెకానిక్ రేపొస్తాడు పెద్దాయనా. నువ్వు పో. గెస్టులు ఇటు రాకూడదు, తెలుసుగా" అన్నాడు.

చెప్పడం అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు. అతను తలుపు దాకా వెళ్ళాడు. వెళ్ళి, వెనక్కి తిరిగి యంత్రాన్ని చూశాడు. ఒక దుప్పటి వస్తోంది. జానెడు దూరంలో గీత, ఇక్కణ్ణుంచి కూడా కనపడుతోంది.

"ఒక్కసారి ఆపండి" అన్నాడు.

చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. రోలరు చల్లారితేగాని ముట్టుకోలేరు. దానికి అరగంట. ఆ అరగంట వెళ్ళి కూర్చుని రావచ్చు. కాని అంత దూరం వెళ్ళి రావడమెందుకని, ఆగి ఉన్న దుప్పట్లను మడవసాగాడు. చల్లారాక గుడ్డ విప్పాడు. మూడు పొరల కింద ఒక మడత పడి ఉంది, వేలంత. దాన్ని చదును చేసి మళ్ళీ బిగించి చుట్టాలి. తొందరపడితే మళ్ళీ వదులవుతుంది. చుట్టాడు. వేడెక్కడానికి ఇంకో అరగంట. వేడెక్కాక ఒక దుప్పటి పంపి చూడకుండా ఎలా పోతాడు? పంపాడు. గీత పోలేదు, పక్కకు జరిగింది. మళ్ళీ ఆపమన్నాడు.

రెండోసారి చల్లారుతుండగా ఆవిడ దగ్గరికి వచ్చింది. "అన్నా, టైము చూసుకున్నావా?"

"ఇదొక్కటి."

గోడ మీద గడియారం ఉంది. అతను అటు చూడలేదు. అక్కడ ఉన్నంతసేపూ డాక్టరు మాట గుర్తు రాలేదు. ఆమె చెయ్యి చల్లగా ఉన్న సంగతి గుర్తు రాలేదు. ఆ గదిలో చెడిపోయినదల్లా అతని చేతికి బాగుపడుతుంది. బయట అలా కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. కాని తెలిసినదాన్ని మాటల్లో పెట్టుకునే అలవాటు అతనికి లేదు. పని చేశాడు, అంతే.

రెండోసారి పంపినదీ సరిగా రాలేదు. మూడోసారి పంపిన దుప్పటి మంచులా వచ్చింది. అతనూ ఆవిడా చెరో కొస పట్టుకుని దీపం కిందికి తెచ్చారు. అరచేత్తో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాశాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"పోయింది" అన్నాడు.

ఆ దుప్పటిని వాళ్ళు మడిచారు. ఎదురెదురుగా నడిచి మూలలు కలిపారు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉండడం ఆవిడ చూసింది. కుర్చీలు చూసుకునే మనిషి. ఆవిరిలో కళ్ళు చికిలించి అందరి మొహాలూ వెతుకుతున్నాడు. అతన్ని చూడగానే తల నుంచి టోపీ తీశాడు.

"ఒకసారి రండి" అన్నాడు.

*

ఆమె వెనక్కి వాలి ఉంది. కళ్ళద్దాలు ఉన్నాయి. మొహం అతని కుర్చీ వైపు తిరిగి ఉంది. నిద్రపోయినట్టే ఉంది, నోరు కొంచెం తెరుచుకుని.

విడిది నర్సు మోకాళ్ళ మీంచి లేచి ఇసుక దులుపుకుంది. చాలాసేపైందేమోనని మాత్రం అంది.

"ఎండ జారిందని గొడుగు తిప్పడానికి వచ్చాను" అన్నాడు కుర్చీలాయన. "పలకలేదు. గంట కిందట కూడా మాట్లాడిందండీ. మీ కుర్చీ ఖాళీగా ఉందని ముగ్గురు అడిగారు. ఇస్తేనా? మా ఆయన వస్తున్నారు, ఐదు నిమిషాల్లో అంటూనే ఉంది. నేను వెళ్ళి పిలుచుకు రానా అమ్మా అన్నాను. వద్దు నాయనా, చెప్పి రమ్మన్నాను, ఆయన చేసే వస్తారు, అని నవ్వింది."

అతను బనీనుతోనే ఉన్నాడు. చొక్కా లాండ్రీ మేకుకు ఉంది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉంది. అతనికి తేడా తెలియలేదు. ఎన్ని రోజులుగా అలా ఉందో కూడా తెలియదు.

సూర్యుడు ఇంకా నీళ్ళకు బెత్తెడు ఎత్తున ఉన్నాడు. పక్క గొడుగుల కింది జంటలు అటు తిరిగి ఫొటోలు తీసుకుంటున్నారు. వీళ్ళవైపు ఎవరూ చూడలేదు. చూసినా, మంచి నిద్రలో ఉందనుకుంటారు.

మేనేజరు వచ్చి చెవి దగ్గర మెల్లగా మాట్లాడాడు. చాలా బాధగా ఉందన్నాడు. మిగతా గెస్టులు కంగారుపడతారు, వెనక దారిన తీసుకువెళదామా అన్నాడు. కప్పడానికి ఏదైనా తెమ్మని ఎవరికో సైగ చేశాడు.

లాండ్రీ ఆవిడే తెచ్చింది, పరుగెత్తుకుంటూ. చేతికి దొరికినది తెచ్చింది. ఇందాకటి దుప్పటి. ఇంకా వెచ్చగా ఉంది. ఏడుస్తూ ఒక కొస తను పట్టుకుని రెండో కొస అతనికి అందించింది. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. అతని చేతులు మూలలు కలపడానికి ముందుకు కదిలాయి.

"కాదన్నా" అంది ఆవిడ. "విప్పాలి."

విప్పాడు. పరిచాడు. అలవాటు కొద్దీ అరచేత్తో ఒకసారి రాశాడు. గీత లేదు.

"పొద్దు దిగేదాకా ఉంచండి" అన్నాడు మేనేజరుతో.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. బండి వచ్చేసిందన్నాడు. అతను మళ్ళీ అడగలేదు. అడగడం అతనికి ఎప్పుడూ సరిగా చేతకాలేదు.

చెత్తడబ్బాల పక్కనుంచి, వెనక గేటు గుండా వెళ్ళారు. ముందు గేటు నుంచి వెంట వచ్చిన కాపలా మనిషి అలవాటుగా కత్తెర తీసుకుని అతని చేతి పట్టీ తెంపాడు. ఆమె చేతిని కూడా చూసి, కత్తెర జేబులో పెట్టేసుకున్నాడు. కూతురికి ఎవరు ఫోన్ చేశారో అతనికి తెలియదు. బండి తలుపు వేసేటప్పుడు అతని మొహం సముద్రం వైపు లేదు.

సూర్యుడు నీళ్ళలోకి దిగాడు. ఇసుక మీది జనం లేచి తినే హాలుకు వెళ్ళిపోయారు. కుర్చీలాయన రోజూలాగే కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాడు. ఆమె తువ్వాలు ఆమెతోనే వెళ్ళిపోయింది. ఆమె కుర్చీ ఎత్తి పేర్చాడు. పక్కదాని దగ్గర వంగి, ఆగిపోయాడు. వాళ్ళ గది రేపు మధ్యాహ్నం దాకా ఉంది. అతను టోపీ సర్దుకుని తరవాతి గొడుగు వైపు వెళ్ళాడు.

ఆ కుర్చీ మీద నీలం తువ్వాలు, నాలుగు మూలలూ సమంగా, ఒక్క ముడత లేకుండా పరిచి ఉంది. అది గాలికి లేవకుండా ఆమె బరువుగా పెట్టిన తన ఎడమకాలి చెప్పు దాని మధ్యలో ఉంది.